మామిడి తోట సేంద్రియమునకు మారిన రైతుకు మిగులునదెంత? – మూడేండ్ల లెక్క



కిందటి వేసవిలో మామిడి తోటలు ఎక్కువగా ఉన్న ఒక గ్రామమున పాల సంఘపు సర్వసభ్య సమావేశమునకు మేము హాజరైనాము. ఆడిట్ నివేదిక చదువుట ముగిసినది. బోనసు గురించిన వాదోపవాదములు కూడ ముగిసి, అందరు టీ కొరకు చూచుచున్న సమయమున వెనుక వరుసలోని సభ్యుడొకరు లేచి నిలబడినారు. "అయ్యా, నాకు మూడెకరాల మామిడి, నాలుగు గేదెలు ఉన్నాయి. మందులు మాని సేంద్రియం చేస్తే కాయకు రెట్టింపు ధర వస్తుందంటున్నారు. పేడ మన దొడ్లోనే ఉంది గదా! మారితే నాకు మిగులుతుందా, పోతుందా?" అని అడిగినారు.

ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోయినాము. పాల వెన్న శాతము గురించి అడిగిన వెంటనే చెప్పగలము గాని, ఇది అట్టి ప్రశ్న కాదు. సమావేశము ముగిసిన పిదప ఆయనతో కూర్చుండి మాట్లాడగా అసలు సంగతి తెలిసినది. ఆయన తోటను ఏటేట పూత మీదనే గుత్తకు ఇచ్చుచున్నారు. ఆ గుత్త సొమ్ముతోనే దాణా బాకీ తీరును, కూతురి కాలేజీ ఫీజు కట్టబడును. కావున తప్పుడు సలహా ఇచ్చినచో నష్టపోవునది ఒక పంట మాత్రమే కాదు. అందుచేత తొందరపడక, నాలుగు తోటలు చూచి, లెక్కలు వేసి, ఈ పాఠము వ్రాయుచున్నాము.

మేము సహకార డిప్లొమా చదివిన రోజులలో మా అధ్యాపకులు మొదటి నెలంతయు ఒక్క సంగతినే నూరిపోసినారు: రాబడి వేరు, మిగులు వేరు. సేంద్రియము గురించి ఊరిలో జరుగు మాటలన్నియు ధర మీదనే జరుగుచున్నవి. దిగుబడి ఎంత, ఖర్చు ఎంత, ఆ ధరకు ఎంత సరుకు పోవును, ఆ సొమ్ము ఏ నెలలో చేతికి వచ్చును అను ప్రశ్నలను అడుగువారు తక్కువ. మార్పు వలన ఈ నాలుగును కదలును. అన్నియు ఒకే దిక్కునకు కదలవు, ఒకే సమయమున కూడ కదలవు.

ముందుగా కాలము సంగతి. మన దేశములో సేంద్రియ ధ్రువీకరణకు ఆధారము 2001లో అమలులోనికి వచ్చిన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము. దాని నిబంధనల ప్రకారము వరి, కూరగాయల వంటి ఏడాది పంటలకు విత్తుటకు ముందు రెండేండ్లు, మామిడి వంటి బహువార్షిక పంటలకు మొదటి సేంద్రియ కోతకు ముందు మూడేండ్లు మార్పిడి కాలము గడువవలెను. సామాన్యముగా ఈ కాలము ధ్రువీకరణ సంస్థ వద్ద నమోదైన నాటి నుండి లెక్కకు వచ్చును గాని, మీరు మందుల డబ్బా అటక మీద పెట్టిన నాటి నుండి కాదు. "మేము ఐదేండ్ల నుండి మందు కొట్టలేదు" అని నోటిమాటగా చెప్పిన సరిపోదు, కాగితము కావలెను. ఈ మూడేండ్లు రసాయనము వేయరాదు, అయినను కాయను సేంద్రియమని అమ్మరాదు. అనగా దిగుబడి తగ్గిన తగ్గుట మొదటి ఏడే మొదలగును, ధర పెరిగిన పెరుగుట నాలుగవ ఏట గాని రాదు. చాల తోటలు వెనుకకు మరలునది ఈ మధ్య కాలములోనే.

ఇక గుత్త సంగతి. మామిడి విషయములో మాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది ఇదియే, కాని దీనిని ఎవరును చెప్పరు. పుష్య మాఘ మాసములలో పూత చూచి వర్తకుడు తోటకు ధర కట్టును. సగమో, మూడు వంతులో ముందుగా ఇచ్చును. ఆ నాటి నుండి కోత వరకు మందు కొట్టించునది, కాపలా పెట్టునది ఆయనే. ఆయన ఏ మందు, ఎన్ని పర్యాయములు కొట్టించినాడో తోట యజమానికే తెలియదు. తేనెమంచు పురుగు కనపడినచో ఆయన పెట్టుబడి కాపాడుకొనుటకు బలమైన మందే కొట్టించును. పూత బలవంతముగా తెప్పించుటకు మొదట్లో పోయు పాక్లోబుట్రజాల్ మందు కూడ కొన్ని తోటలలో వాడుకలో ఉన్నది. అది సేంద్రియమున పనికిరాదు. కావున పూత మీద గుత్తకు ఇచ్చు తోట సేంద్రియ తోట కాజాలదు. రైతు ముందుగా మానవలసినది యూరియాను కాదు, గుత్తను.

గుత్త మానినచో ఏమగును? మాఘములో రావలసిన సొమ్ము వైశాఖ జ్యేష్ఠములలో వచ్చును. ఆ నాలుగు నెలల ఖర్చులు రైతు మీదనే పడును. కోతకు పది దినములు ముందు గాలివాన వచ్చి కాయ రాలినచో ఆ నష్టము వర్తకునిది కాదు, మనదే. గుత్త అనునది ఒక విధముగా అప్పు, ఒక విధముగా భీమా. దాని వడ్డీ కనపడదు, కాయ ధరలో కలిసిపోవును. సంఘములు రాకముందు పాల వర్తకులు బర్రె ఈనక ముందే బయానా ఇచ్చి పాలు తమ ధరకే పోయించుకొన్న రోజులు పెద్దలకు జ్ఞాపకముండును. ఆ బయానాను మాన్పించినది పదిహేను దినములకొకసారి తప్పక వచ్చు పాల బిల్లు. మామిడికి అట్టి బిల్లు లేదు. అందుచేత సేంద్రియమునకు మారు మామిడి రైతుకు మరియొక వైపు నుండి క్రమముగా వచ్చు రాబడి ఉన్నదా, లేదా అనునదే మొదటి ప్రశ్న. పాడి ఉన్న రైతు ఈ విషయమున పాడి లేనివానికంటె ఒక మెట్టు పైన ఉన్నాడు.

ఐతే "పేడ మన దొడ్లోనే ఉంది" అనుటలో కొంత పొరపాటు ఉన్నది. దానిని కొలిచి చూచెదము. పదేండ్లు దాటిన మామిడి చెట్టుకు ఏడాదికి నత్రజని, భాస్వరము, పొటాష్ ఒక్కొక్కటి కిలో చొప్పున వేయుట మన వైపు చాల కాలముగా ఉన్న సిఫారసు. పది మీటర్ల ఎడముతో నాటిన తోటలో ఎకరమునకు 40 చెట్లు. అనగా ఎకరమునకు 40 కిలోల నత్రజని. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 20 కిలోల పైచిల్లర నత్రజని ఉండును గనుక రెండు బస్తాలతో ఆ పని తీరును. బస్తా సబ్సిడీ ధర సుమారు 266 రూపాయలు. బాగుగా మాగిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అర కిలో మాత్రమే, అనగా టన్నుకు 5 కిలోలు. కావున అదే 40 కిలోలకు 8 టన్నుల ఎరువు కావలెను. మూడెకరములకు 24 టన్నులు!

నాలుగు గేదెలు ఇచ్చునదెంత? గేదె దినమునకు 15 నుండి 20 కిలోల పేడ వేయును. తలకు 16 కిలోలుగా తీసికొన్నను నాలుగింటికి ఏడాదికి 23 టన్నుల పచ్చి పేడ. మేతకు పోయినప్పుడు పొలాల్లో పడినది పోగా, పిడకలకు పోయినది పోగా, మాగి సగమునకు తగ్గిన పిదప గుంటలో మిగులునది 9, 10 టన్నులు. అనగా ఆయన నాలుగు గేదెలు నత్రజని లెక్కన పోషింపగలది ఎకరమునకు పైచిల్లర తోట మాత్రమే. మిగిలిన రెండెకరములకు వేపపిండి కొనవలెను, చెట్ల నడుమ జనుము, జీలుగ చల్లి కలియదున్నవలెను, లేదా ఎరువు బయట కొనవలెను. పశువుల ఎరువులో పొటాష్, సూక్ష్మ పోషకములు కూడ ఉండును, నేల గుల్లబారి తేమ నిలుచును. ఆ లాభము యూరియా బస్తాలో లేదు. దానిని మేము కాదనుట లేదు. కాని పేడ ఖర్చు క్రింద సున్న వ్రాయు లెక్కను మాత్రము మేము ఒప్పుకొనము. అమ్మిన ధర పలుకు వస్తువు ఉచితము కాదు. దానిని గుంట నుండి ఎత్తి, బండికెత్తి, పాదులలో వేయు కూలి కూడ ఉచితము కాదు. ఇంటి ఆడవారు చేయుదురు గనుక కూలి లేదనుట మన లెక్కలలో పాతుకొన్న మరియొక తప్పు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి రైతు సాధికార సంస్థ ద్వారా సాగుచున్న ప్రకృతి వ్యవసాయము గురించి చాలమందికి తెలియును. 2024లో దానికి గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి కూడ వచ్చినది. సుభాష్ పాలేకర్ గారి పద్ధతివారు టన్నుల కొలది ఎరువు అక్కరలేదని, పేడ, మూత్రము, బెల్లము, పప్పుల పిండి కలిపి మాగబెట్టిన జీవామృతము నేలలోని సూక్ష్మజీవులను మేల్కొల్పునని చెప్పుదురు. శాస్త్రజ్ఞులలో దీనిపై ఏకాభిప్రాయము లేదు. మందుల ఖర్చు తగ్గినదని మేము కలిసిన రైతులు చెప్పినారు. దానిని నమ్ముచున్నాము. కాని ఒక్క హెచ్చరిక: ప్రకృతి వ్యవసాయము చేయుట వేరు, సేంద్రియ ధ్రువపత్రము ఉండుట వేరు. 2017లో వచ్చిన ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారము ధ్రువీకరణ లేనిదే పెట్టె మీద జైవిక్ భారత్ గుర్తు వేయరాదు. చిన్న రైతు నేరుగా తినువారికి అమ్ముకొనుటకు మినహాయింపు ఉన్నది గాని, ఆ గుర్తు మాత్రము ఆయనకు లేదు.

దిగుబడి తగ్గునా? ఎరువు వలన వెంటనే తగ్గునని మేము అనుకొనము. పెద్ద చెట్టు వేరు లోతునకు పోవును, ఒక ఏడాది తిండి తగ్గినంత మాత్రమున అది ఫిర్యాదు చేయదు. భయమంతయు పూత సమయముననే. తేనెమంచు పురుగు, బూడిద తెగులు రెండును కలిసి వచ్చినచో పది దినములలో పూత మాడిపోవును. సేంద్రియమున వేపగింజల కషాయము, బూడిద తెగులుకు నీటిలో కలియు గంధకము వాడవచ్చును. కాని ఇవి ముందుగా, పలుమార్లు కొట్టవలెను. పురుగు కనపడిన పిమ్మట పరుగెత్తువానికి ఇవి పనికిరావు. పండు ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు కట్టవలెను. వీలున్నచోట కాయకు కాగితపు సంచి తొడుగవలెను. మందు ఖర్చు తగ్గిన మేరకు కూలి ఖర్చు పెరుగును.

ఇంకొక మెలిక. మామిడి ఒక ఏడు విరగకాచి మరుసటి ఏడు సన్నగిల్లు చెట్టు. కాపు ఏడాది తరువాత మారినవాడు "సేంద్రియము ముంచినది" అనును, లేమి ఏడాది తరువాత మారినవాడు "సేంద్రియము పండించినది" అనును. ఇద్దరి మాటను నమ్మరాదు. ముందు రెండేండ్ల సరాసరిని తరువాతి రెండేండ్ల సరాసరితో పోల్చవలెను.

ప్రపంచమంతటి లెక్క ఒకటి ఉన్నది. డేవిడ్ క్రౌడర్, జాన్ రెగనాల్డ్ అను శాస్త్రజ్ఞులు ఐదు ఖండములలో 55 పంటలపై 40 ఏండ్లుగా జరిగిన పరిశోధనలను కూర్చి 2015లో ప్రకటించినారు. సేంద్రియమున దిగుబడి నూటికి 10 నుండి 18 వరకు తగ్గినది. కూలి ఖర్చు 7 నుండి 13 వంతులు పెరిగినది. అయినను అదనపు ధర లభించినచోట లాభము 22 నుండి 35 వంతులు హెచ్చుగా వచ్చినది. అదనపు ధర తీసివేసి చూచినచో సేంద్రియ రైతే వెనుకబడినాడు. సమముగా నిలుచుటకు కావలసిన అదనపు ధర నూటికి 5 నుండి 7 మాత్రమే, వాస్తవముగా లభించినది 29 నుండి 32. ఇది ఒక్క మామిడికి సంబంధించిన లెక్క కాదు. ఐనను అదనపు ధర చేతికి వచ్చిన రైతు నిలిచినాడు, రానివాడు నిలువలేదు అను సంగతి మనకును వర్తించును.

మరి ఆ ధర ఎవరు ఇత్తురు? ఇక్కడ కాయ రకమును బట్టి దారి చీలును. తోతాపురి, అనగా కొన్ని ప్రాంతములలో కలెక్టరు కాయ అని పిలుచునది, ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీకి పోవు సరుకు. 2025లో చిత్తూరు ప్రాంతమున ఆ కాయ ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వము 4 రూపాయలు కలిపి 12 రూపాయలు ఇచ్చునట్లు నిర్ణయించవలసి వచ్చినది. ట్రాక్టర్లు బారులు తీరిన ఆ గేటు వద్ద నీ కాయకు మందు కొట్టితివా, లేదా అని ఎవరు అడుగుదురు? సేంద్రియ గుజ్జు కొనువారితో ముందుగా వ్రాతపూర్వక ఒప్పందము లేనిదే తోతాపురి తోటను మార్చుటకు మేము సలహా ఇవ్వము. బంగినపల్లి, రసాలు అట్లు కావు. అవి తినువాని ఇంటికే పోవు కాయలు. పెట్టెలలో సర్ది పట్నమున అమ్మినచో తెలిసినవారు ఎక్కువ ధర ఇత్తురు. ఐతే చెట్టు కాయలన్నియు పెట్టెకు ఎక్కవు. మచ్చ పడినది, చిన్నది, దెబ్బ తగిలినది మామూలు మార్కెట్టునకే పోవును.

ఒక ఎకరపు లెక్క వేసి చూపుచున్నాము. ఇది నమూనా కొరకు ఊహించి వేసినది. మీ అంకెలు మీరు వేసికొనవలెను. ఇప్పుడు 4 టన్నుల దిగుబడి, కిలో 20 రూపాయలు, రాబడి 80,000. ఖర్చు 30,000. మిగులు 50,000. మార్పిడి ఏండ్లలో దిగుబడి 3.4 టన్నులు, ధర అదే, రాబడి 68,000. సొంత పేడకు, ఇంటి కూలికి కూడ వెల కట్టి ఖర్చు 28,000. మిగులు 40,000. ఏడాదికి 10,000 చొప్పున మూడేండ్లకు 30,000 లోటు.

నాలుగవ ఏట దిగుబడి 3.6 టన్నులకు కోలుకొన్నదనుకొందము. అందులో మూడవ వంతు, అనగా 1.2 టన్నులు 30 రూపాయల ధరకు పోయి మిగిలినది 20కే పోయినచో రాబడి 84,000. పెట్టెలు, రవాణా, ధ్రువీకరణ కలిపి ఖర్చు 32,000. మిగులు 52,000. పూర్వముకంటె ఏడాదికి 2,000 మాత్రమే హెచ్చు. 30,000 లోటు పూడుటకు 15 ఏండ్లు పట్టును! అదే మూడింట రెండు వంతులు 30కి పోయినచో రాబడి 96,000, పెట్టెల ఖర్చు పెరిగి మొత్తము ఖర్చు 36,000, మిగులు 60,000. లోటు మూడేండ్లలో పూడి, ఆపైన అంతయు లాభమే. ఏమియు హెచ్చు ధరకు పోనిచో మిగులు 44,000 – ప్రతి ఏడాది 6,000 నష్టము. మూడు సందర్భములలోను చెట్లు అవే, దిగుబడి అదే, రైతు పడిన కష్టము అదే. మారినది అమ్మకమే.

ఒంటరి రైతు రెండున్నర టన్నుల కాయను ఇరువది దినములలో పెట్టెలకెత్తి అమ్ముట కష్టము. ఇచ్చటనే గుంపు కావలెను. పి.జి.యస్. అను భాగస్వామ్య హామీ పద్ధతిలో కనీసము ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి తోటను ఒకరు తనిఖీ చేసికొందురు. మార్పిడిలో ఉన్న పంటకు గ్రీన్ అను గుర్తు, పూర్తయిన పిదప ఆర్గానిక్ అను గుర్తు లభించును. ఖర్చు స్వల్పము. కాని ఈ గుర్తుతో విదేశములకు పంపరాదు. ఎగుమతి కోరువారు పైన చెప్పిన జాతీయ కార్యక్రమము క్రింద ధ్రువీకరణ సంస్థనే ఆశ్రయించవలెను. 2023లో ఏర్పడిన జాతీయ సహకార సేంద్రియ సంస్థకు మన జాతీయ పాడి అభివృద్ధి మండలియే ముఖ్య ప్రవర్తకురాలు. భారత్ ఆర్గానిక్స్ పేరున అది సరుకు అమ్ముచున్నది. మామిడి గుంపులు కూడ ఆ తలుపు తట్టి చూడవచ్చును.

గుంపు అనగా ఏమో పాల సంఘపు సభ్యులకు మేము నేర్పనక్కరలేదు. ఒక్కరు నీళ్ళు కలిపినచో క్యాను మొత్తము ఎట్లు తిరిగి వచ్చునో, ఒక్కరు రాత్రివేళ మందు కొట్టినచో ఐదుగురి కాయ అట్లే తిరిగి వచ్చును. పాలకు లాక్టోమీటరు ఉన్నది. తోటకు పొరుగువాని కన్నే లాక్టోమీటరు. మొహమాటపడి సంతకము పెట్టువారితో గుంపు కట్టరాదు.

ఇక ఆ సభ్యుని సంగతి. లెక్కలన్నియు ఆయన ముందు పెట్టినాము. ఆయనకు ఉన్నది రెండెకరముల కలెక్టరు, దొడ్డి ప్రక్కన ఎకరము బంగినపల్లి, రసాలు. కలెక్టరు తోట గుత్తకే ఇచ్చినారు. కూతురి ఫీజు ఆ సొమ్ముతో కట్టినారు. దొడ్డి ప్రక్క ఎకరమును మాత్రము మార్పిడికి పెట్టినారు. గుత్తదారు కొట్టించు మందు గాలికి ఇటు పడును గనుక సరిహద్దు రెండు వరుసల కాయను మామూలు కాయగానే అమ్ముటకు ఒప్పుకొన్నారు. ఆ ఎకరపు లోటును పాల బిల్లు నుండి పూడ్చుకొందునని చెప్పగా, దాణా బాకీ, గేదెల అప్పు కోత పోను చేతికి వచ్చు మొత్తమునే లెక్కలోనికి తీసికొనుమని మేము చెప్పినాము. పేడ బుట్టలు, కూలి దినములు ఆయన భార్య ఒక నోటుబుక్కులో వ్రాయుచున్నది. మొన్న వెళ్ళినప్పుడు ఆ పుస్తకము చూచినాము. సంఘపు రిజిస్టర్లు కొన్ని అంత శుభ్రముగా ఉండవు.

పి.జి.యస్. గుంపునకు ఇంతవరకు ఆయనతో కలిపి ముగ్గురు సమకూడినారు. ఇంకను ఇద్దరు కావలెను.